గాలికి అడ్డంగా నడిపించిన టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ పోయిన వారం కన్నుమూశారు. సూరత్ పక్కన కడోదరాలో నేను పనిచేసే అద్దకం మిల్లు ల్యాబులో ఉండగా మా అత్తమ్మ ఫోన్ చేసి ఆ కబురు చెప్పింది. "బిడ్డా, మీ టీచరమ్మ పోయిందటనే. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీలనే ఒరిగిందట. నువ్వు పని ఇడిసిపెట్టి రా. నేను పోతున్న" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

ఎక్కడికైనా బయలుదేరాలంటే మా అత్తమ్మకు కొంగు సర్దుకోవడానికే బోలెడు సేపు పడుతుంది. అలాంటిది నేను అమ్రోలిలో ఆవిడ ఇంటికి చేరేసరికి ఆమె అప్పటికే టీచరమ్మ పాదాల దగ్గర కూర్చుని ఉంది. వచ్చిన ప్రతివాళ్లకూ తన రెండు కళ్లూ వేలితో చూపించి ఏదో చెబుతోంది. దూరం నుంచి వినబడకపోయినా ఏం చెబుతోందో నాకు తెలుసు. అది నా పెళ్లి కథ. మీకూ చెబుతాను. అయితే ముందు టీచరమ్మ ఎవరో చెప్పాలి.

సూరత్‌లో తెలుగు బడి ఉందంటే ఊళ్లో మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే మా నాన్నలాంటి వాళ్ల పిల్లలమే ఆ బడి నిండా ఉండేవాళ్లం. టీచరమ్మది రాజమండ్రి వైపు. వాళ్లాయనకు రైల్వేలో ఉద్యోగం. ఆయన్ని మేమంతా సారు అనేవాళ్లం. బదిలీ మీద వచ్చి, ఇంకో బదిలీ వచ్చేలోగా ఈ ఊరు నచ్చి ఇక్కడే ఉండిపోయారు. మొదట్లో ఆవిడ మాట మాకు సినిమాల్లో మాటలా వినిపించేది. మా మాట ఆవిడకు తెగ నచ్చింది. ముఖ్యంగా 'గిట్ల' అనే మాట. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఆవిడకు చివరిదాకా తెలియలేదు. "గిట్ల కూర్చోండర్రా, గిట్ల నోళ్లు మూయండర్రా" అనేవారు గోదావరి యాసలో. మేం పడీ పడీ నవ్వితే, ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా ఆవిడ కూడా నవ్వేవారు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద 'అనార్ద్ర' అని రాశారు. చదవమంటే ఒక్కళ్లకూ నోరు తిరగలేదు. ఒకడు "అనారోగ్య" అన్నాడు. ఇంకొకతె "అనాథ" అంది.

"పాపం, రెండూ కొంచెం నిజమే" అన్నారు టీచరమ్మ. "ఆర్ద్ర అంటే తడి. తడి లేనిది అనార్ద్ర. ఇంగ్లీషులో యాన్‌హైడ్రస్ అంటారు. డబ్బా మీద ఈ మాట కనబడితే ఇందులో నీటిచుక్క లేదని అర్థం."

"అంటే ఎండిపోయిందన్నట్టే కదా టీచర్?" అని నేనే అడిగాను.

"తీగ మీద నీ లంగా ఎండితే ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు. ఊగుతది."

"మరి కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే?"

వెల్ల వెయ్యడం చూడని పిల్లలు మాలో లేరు. "కుతకుత ఉడుకుతది!" అని అందరం అరిచాం.

"అదీ తేడా! ఎండిన బట్ట ఊరుకుంటుంది. వీటిలో చాలా సరుకులు ఊరుకోవు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయా అని చూస్తుంటాయి. దొరికాయంటే ఒక్క గుక్కలో లాగేసుకుంటాయి. ఆ ఊపులో వేడెక్కేవి ఉన్నాయి, చిమ్మేవి ఉన్నాయి, మంటలు లేపేవీ ఉన్నాయి. ఆ నీళ్లు బకెట్‌లోవా, మీ కంట్లోవా అని వాటికేం పట్టదు."

తర్వాత మైలుతుత్తం పలుకులు పింగాణీ గిన్నెలో వేసి స్పిరిట్ దీపం మీద పెట్టారు. నెమలి కంఠంలాంటి నీలిరంగు కాస్తా మా కళ్లముందే పాలిపోయి, ఉప్పులా తెల్లబడింది. "నీళ్లు పోయాయి. ఇప్పుడిది అనార్ద్ర. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో చూశారా?" అంటూ దాని మీద ఒక్క చుక్క నీరు వేశారు. చుక్క పడినచోట నీలం భగ్గున విచ్చుకుంది. మా కేకలకు పక్క తరగతి తెలుగు మాస్టారు పరుగెత్తుకొచ్చారు. ఆయన్ని చూసి టీచరమ్మ, "మీ పాఠంలో ఆర్ద్రత అంటే మనసు కరగడం, నా పాఠంలో తడి. పరీక్షలో పిల్లలు ఏది రాసినా నేను మార్కులు వేస్తానండీ" అన్నారు. మాస్టారు కూడా నవ్వేశారు. అప్పటికప్పుడు అందరి చేతా సబ్బుతో చేతులు కడిగించి, గోళ్లు చూసి గాని ఆవిడ మమ్మల్ని అన్నాలకు వదల్లేదు.

ఆవిడ మాటలు కొన్ని మా తరగతి పిల్లలందరి నోళ్లలోనూ ఉండిపోయాయి. "తెల్లగా ఉన్నదల్లా చక్కెర కాదు, అడిగి ముట్టుకోండి" అనేవారు. "కంట్లో పడితే ముందు నీళ్లు, తర్వాత ఏడుపు" అనేవారు. చిన్నప్పుడు మాకది జోకు. హోలీ రంగులు కంట్లో పడ్డవాడి వెంట అదే మాట అరుస్తూ చెంబులతో పరుగెత్తేవాళ్లం.

బడి అయిపోయినా నాకు ఆవిడ దూరం కాలేదు. అమ్రోలిలో మా రేకుల గదుల వరసకు ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులోనే వాళ్లిల్లు. మా గదుల వెనక పెద్ద ఖాళీ స్థలం ఉండేది. దానికి పడమటి వైపు ఐసు ఫ్యాక్టరీ. అప్పుడప్పుడూ అటునుంచి ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన వచ్చేది. ఐసులో మందు కలుపుతారని మా అమ్మ అనుకునేది. టీచరమ్మ మా గడపలో కూర్చుని అమ్మకు విడమర్చి చెప్పారు.

"మందు ఐసులో ఉండదమ్మా. చల్లబరచడానికి పైపుల్లో అమోనియా తిప్పుతారు. అదీ నీళ్లు కలపనిది, అనార్ద్ర అమోనియా. పైపుల్లో ఉన్నంతకాలం మనకు చల్లటి ఐసు. పైపు పగిలిందా, బయటికొచ్చి నీళ్లు వెతుక్కుంటుంది. నీళ్లు ఎక్కడున్నాయి? మన కళ్లలో ఉన్నాయి, ముక్కులో, గొంతులో ఉన్నాయి, చంకల్లో చెమట ఉంది."

చంకల మాటకు మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ అర్థమైంది.

టీచరమ్మ చెప్పి ఊరుకునే రకం కాదు. వాళ్ల మేడ మీది పాత టీవీ ఏంటెనా గొట్టానికి ఎర్రటి జార్జెట్ చీర పేలిక ఒకటి కట్టారు. గాలి ఎటు వీస్తోందో కిందనుంచే కనబడాలని. కొన్నాళ్లకు ఆ గొట్టానికి ఇంకో పేలిక వచ్చింది. తర్వాత పసుపు రాసినది ఒకటి, గాజులు కట్టినది ఒకటి. టీచరమ్మ ఏదో మొక్కుకుని కట్టారనుకుని అపార్ట్‌మెంటు ఆడవాళ్లంతా తలా ఒకటి కడుతున్నారు! సారు పీకేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి. మొక్కు పేలికైనా గాలి వీస్తే ఊగాల్సిందేగా" అన్నారు.

ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి వెళ్లి సైరన్ పెట్టించమని అడిగేవారు. ఆయన చేతులు జోడించి, "హా బెన్, హా బెన్" అంటూ సరేనని తలూపి, ఒక ఐసుముక్క గోనెపట్టాలో చుట్టించి పంపేవాడు. ఆవిడ మళ్లీ వెళ్లేవారు, మళ్లీ ఐసుముక్క. ఆ ఐసు తురిమి, కాలాఖట్టా రసం పోసి మా వీధి పిల్లలందరికీ గోలాలు పెట్టేవారు. "సైరన్ వచ్చేదాకా మీకు గోలాలు, ఏం చేస్తాం" అనేవారు.

సైరన్ రాకముందే నా పెళ్లి వచ్చింది.

అప్పటికి నేను కాలేజీ చదువు పూర్తిచేసి ఉన్నాను. పెళ్లికొడుకువాళ్లది నగరంలోనే ఖటోదరా పేట, మనవాళ్లే. అతనూ సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. ఇరువైపులా సెలవులు దొరక్క ఊరికి పోవడం కుదరలేదు. అందుకని మా గదుల వెనక ఖాళీ స్థలంలోనే పందిరి వేశారు. మే నెల, ఎండ మండుతోంది. పడమటి గాలి పందిరి గుడ్డల్ని పటపటలాడిస్తోంది. నన్ను పీటల మీద కూర్చోబెట్టి, మా ఇద్దరి మధ్యా అడ్డుతెర పట్టారు. పంతులు మంత్రాలు చదువుతున్నాడు. టీచరమ్మ ముందు వరస కుర్చీలో పట్టుచీర కట్టుకుని, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఉన్నట్టుండి గోడ అవతల 'ఫట్'మని చప్పుడైంది. ఆ వెంటనే బుసకొట్టినట్టు ఒకటే శబ్దం. ఫ్యాక్టరీ పనివాళ్లు గేటు తోసుకుని బయటికొచ్చి "గ్యాస్! భాగో!" అని అరుస్తున్నారు. గోడ మీదుగా తెల్లటి పొగమంచులాంటిది పొంగి, నేలమీదికి జారి, పందిరి వైపు పాకుతోంది. ఘాటు మా దాకా వచ్చేసింది. మా మేనమామ బకెట్ అందుకుని గోడవైపు ఉరికాడు. మెయిన్ రోడ్డు తూర్పున ఉంది, పెళ్లివారి బస్సు కూడా అక్కడే ఆగి ఉంది. అందరి కాళ్లూ అటే తిరిగాయి. మేళంవాళ్లయితే డోళ్లు ఎత్తుకుని అప్పటికే పరుగు లంకించుకున్నారు.

టీచరమ్మ పీటల దగ్గరికి దూసుకొచ్చి పంతులు ముందున్న మైకు లాక్కున్నారు. తలెత్తి మేడ మీది పేలికల వైపు ఒకసారి చూశారు. అన్నీ తూర్పుకే ఎగురుతున్నాయి.

"ఎవరూ పరుగెత్తొద్దు! రోడ్డువైపు వెళ్లొద్దు, గాలి అటే పోతోంది. పొగ మీకంటే ముందే అక్కడికి చేరుతుంది. గాలికి అడ్డంగా నడవాలి. ఉత్తరం వైపు, సాంచల కార్ఖానా గేటు దగ్గరికి. హవా కే సాథ్ మత్ భాగో! బాజూ మే చలో!"

అది తరగతిలో వినే గొంతే. పెళ్లికి వచ్చినవాళ్లలో సగంమంది ఆ బడిలో చదివినవాళ్లు. ముప్పై దాటిన మగవాళ్లు కూడా ప్రార్థనకు నిలబడ్డట్టు టక్కున వరస కట్టారంటే నమ్మండి. మా మేనమామను చూసి, "బకెట్ వెనక్కి తే! కారేదాని మీద నీళ్లు పోస్తే ఇంకా పొగ కక్కుతుంది. ఆ నీళ్లు మనకి కావాలి" అని గద్దించారు. చుట్టాలకు పెట్టడానికి తెచ్చిన జాకెట్ ముక్కలు, తువ్వాళ్లు బుట్టలో ఉన్నాయి. వాటిని తాగేనీళ్ల డ్రమ్ములో గుమ్మరించి, తడిపినవి తడిపినట్టే పంచమన్నారు. "ముక్కూ నోరూ మూసుకోండి. దాని దాహం ఈ గుడ్డల్లో నీళ్లతో తీరనివ్వండి."

అడ్డుతెర ఎవరి చేతిలోంచి జారిందో తెలియదు. ఎదురుగా బాసింగం కట్టుకుని, ఆకుపచ్చ జాకెట్ ముక్క ముఖానికి అదుముకుని, ఎర్రటి కళ్లతో పెళ్లికొడుకు. నా ముఖం మీద గులాబీరంగుది. అంత గాభరాలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఘాటు లోపలికి పోతుందని టీచరమ్మ వెనకనుంచి కసిరారు. మా అమ్మ పుస్తెలున్న పళ్లెం కొంగులో కట్టుకుంది. నాన్న పంతుల్ని చెయ్యి పట్టి నడిపిస్తున్నాడు.

గేటు చేరబోతుండగా పెళ్లికొడుకు వెనక్కి తిరిగి "అమ్మేది?" అన్నాడు.

మా అత్తమ్మ వరసలో లేదు. బస్సులో సంచి ఉందని రోడ్డువైపు బయలుదేరిందట. పందిరి చివర నిలబడి రెండు చేతులతో కళ్లు మూసుకుని కదలకుండా ఉంది. పొగ ఆమె చీర అంచుల దాకా వచ్చింది. అతను పరుగెత్తబోతే టీచరమ్మ ఆపారు. "ఆగు, తడిపినవి ఇంకో రెండు తీసుకో. పక్కనుంచి వెళ్దాం, ఎదురుగా కాదు." ఇద్దరూ చుట్టు తిరిగి వెళ్లారు. టీచరమ్మ తన పట్టుచీర కొంగంతా పందిట్లోని డ్రమ్ములో ముంచి ఆమె ముఖానికి చుట్టారు. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చేదాకా నేను గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను. ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తులేదు.

కార్ఖానా సేఠ్ గుజరాతీ ఆయన. పెళ్లి బట్టలతో దగ్గుతూ వచ్చిన మమ్మల్ని చూసి ఒక్క క్షణం తెల్లబోయి, "లగ్న్ ఛే? ఆవో, ఆవో!" అని, పెళ్లా, రండి రండంటూ తలుపులు బార్లా తీశాడు. సాంచలు ఆపించాడు. టీచరమ్మ అత్తమ్మను కుళాయి కిందికి తోసి, కళ్లు వేళ్లతో తెరిచి పట్టుకుని నీళ్లు పొయ్యడం మొదలుపెట్టారు.

"చాలమ్మా, ఇడువు. మంట తగ్గింది."

"తగ్గడం కాదు వదినగారూ, కడగాలి. పావుగంట. నేను చాలు అనేదాకా కళ్లు మూయకండి."

"నువ్వెవ్వలవమ్మా, నన్ను గిట్ల పట్టుకున్నవ్?"

"పెళ్లికూతురి సైన్సు టీచర్ని."

"ఇంకేం పెండ్లి?" అంది అత్తమ్మ. నీళ్లు కారుతున్న ముఖంతోనే గొంతు పెంచింది. "పీటల మీదికెళ్లి లేపినంక ఇంకేం పెండ్లి? గిది మంచి శకునం గాదు. మా పిలగాన్ని తోలుకొని మేం పోతం."

మా అమ్మ కొంగులో పుస్తెల పళ్లెం గట్టిగా పట్టుకుంది. నాన్న ముఖం నేను చూడలేకపోయాను. పెళ్లికొడుకు "అమ్మా" అనబోతే టీచరమ్మ కళ్లతోనే వారించారు. నీళ్లు పొయ్యడం మాత్రం ఆపలేదు.

"పోదురుగాని. కళ్లు కనబడకుండా ఎక్కడికి పోతారు? ముందు కడగనివ్వండి" అన్నారు నెమ్మదిగా. పావుగంటా పోస్తూనే ఉన్నారు. చివరికి ఆవిడ కుళాయి కట్టేసి, అత్తమ్మ గడ్డం పట్టుకుని ముఖం జనంవైపు తిప్పారు. "ఇప్పుడు చూడండి వదినగారూ. మీవాళ్లు ఎవరైనా తక్కువయ్యారా?"

అత్తమ్మ ఎర్రటి కళ్లు చికిలించి చూసింది. తమ్ముడు, మరదలు, ఆడబిడ్డలు, పిల్లలు, అందరూ రంగురంగుల తడి గుడ్డలు పట్టుకుని ఉన్నారు.

"లేదు. అందరున్నరు."

"మావాళ్లూ ఉన్నారు. అంత గ్యాసు వచ్చి ఒక్క మనిషిని తీసుకెళ్లలేకపోయింది. ఇంతకంటే మంచి శకునం ఎక్కడైనా ఉందా? నాకైతే ఈ పిల్ల కాలు మహా గట్టిదనిపిస్తోంది."

అత్తమ్మ ముక్కు చీదింది. ఆలోచించింది. నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసింది. "అట్లంటవా?" అంది. మరుక్షణం పంతులు వైపు తిరిగి, "మరి ఏం జూస్తున్నవ్ పంతులూ? ముహూర్తం పోతలేదా? కానియ్యి!" అంది.

మా అమ్మ ఏడ్చేసింది. టీచరమ్మ ఆమెను ఏడవనివ్వలేదు, పళ్లెం దింపించారు. రెండు సాంచల మధ్య సందులో పోగుల బస్తాలు పరిచి, వాటి మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. జీలకర్ర బెల్లం పెట్టాం. పుస్తె కట్టే వేళకు పంతులు మళ్లీ ఆగాడు. "మేళం లేదు కదమ్మా. గట్టిమేళం లేకుండా ఎట్ల?"

టీచరమ్మ చుట్టూ చూసి, మా నాన్నను అడిగారు. "అన్నయ్యగారూ, ఈ సాంచలు ఎంత చప్పుడు చేస్తాయి?"

పొద్దుట్నుంచీ బిగుసుకుపోయిన నాన్న అప్పుడు నవ్వాడు. "చెవులు పలుగుతయ్ టీచరమ్మా."

"అయితే కానివ్వండి."

నాన్న, ఆయన తోటివాళ్లు, కార్ఖానాలోని ఒడియా పనివాళ్లు ఒక్కొక్కరు ఒక్కో సాంచ దగ్గర నిలబడ్డారు. పంతులు చెయ్యెత్తాడు. ఒక్కసారిగా సాంచలన్నీ లేచాయి. కాళ్ల కింద నేల అదిరింది, నా గాజులు వాటంతటవే మోగాయి. ఆ హోరులో పెళ్లికొడుకు నా మెడలో పుస్తె కట్టాడు. ఏ మంత్రం చదివారో ఎవరికీ వినబడలేదు. అక్షింతలు పందిట్లోనే ఉండిపోయాయి కదా, పనివాళ్లు తెగిన రంగుపోగుల తునకలు దోసిళ్లతో తెచ్చి మా మీద చల్లారు. సేఠ్ కూడా చల్లాడు. టీచరమ్మ చప్పట్లు కొడుతూ ఏదో అరుస్తున్నారు. 'గిట్ల' అనే మాటొక్కటే నాకు ఆవిడ పెదాల మీద కనబడింది.

ఫైర్ ఇంజన్లు వచ్చి పైపు కట్టేశాయి. ఒక పనివాడి చేతికి కాలిన గాయమైంది గాని కొద్దిరోజుల్లో తేరుకున్నాడు. మేళంవాళ్లు రోడ్డు మీద దగ్గుతూ దొరికారు. వాళ్లకీ ఏమీ కాలేదు. నిజంగా కళ్లనీళ్లు పెట్టుకున్నది మాత్రం భోజనాల దగ్గర. పందిట్లో మూతలు తీసి ఉన్న బగారన్నం, మటన్ కూర ఎవరూ ముట్టుకోవద్దని టీచరమ్మ ఒట్టు వేయించారు. మా మేనమామ ఆ గిన్నెల వైపు చూసిన చూపు ఇప్పటికీ మా ఇంట్లో జోకే. సేఠ్ పక్క కొట్టునుంచి వేడివేడి శనగపిండి వంటలు, లోచో, ఖమణ్ తెప్పించాడు. కాగితం పొట్లాల్లో సాంచల మీద పెట్టుకుని పెళ్లిభోజనం చేశాం. తర్వాతి వారం ఐసు ఫ్యాక్టరీ యజమాని తనంతట తనే టీచరమ్మ ఇంటి మెట్లెక్కాడు. సైరన్ పెట్టించాడు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ కట్టించాడు. "మరి గోలాల సంగతేంటి?" అని ఆవిడ అడిగితే, ఐసు పంపడం కూడా ఆపలేదు.

మా అత్తమ్మ ఆ రోజునుంచి టీచరమ్మకు శిష్యురాలైపోయింది. చుట్టాలింటికి ఎక్కడికి పోయినా ముందు గాలి ఎటు కొడుతోందో చూసి గాని కూర్చోదు. నన్ను ల్యాబు ఉద్యోగానికి పంపించడానికి మా ఆయన కాస్త తటపటాయిస్తే, "పోనియ్యిరా. టీచరమ్మ చదివిచ్చిన పిల్ల, దానికేమైతది?" అని నా తరఫున మాట్లాడింది ఆమే.

రిటైరయ్యాక టీచరమ్మ ఆదివారాలు అద్దకం మిల్లులకు వచ్చి పనివాళ్లకు పాఠం చెప్పేవారు. మా మిల్లుకు నేనే పిలిచాను. పాలిస్టర్ బట్టకు అద్దాక మిగిలిన రంగు కడగడానికి మేం హైడ్రో అనే తెల్లపొడి వాడతాం. అదీ తడి తగలకూడని సరుకే. వానాకాలంలో డ్రమ్ము మూత తెరిచి వదిలేస్తే లోపల తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది. ఆవిడ డ్రమ్మును దూరంనుంచి చూపించి, తనకొచ్చిన హిందీలో, "యే బహుత్ ప్యాసీ ఆద్మీ హై" అన్నారు. ఇది మహా దాహం మనిషి అనబోయి మగవాణ్ని ఆడది చేసేసరికి బిహారీ కుర్రాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆవిడా వాళ్లతోపాటే నవ్వి, సున్నపురాయి మీద నీళ్లు పోసి చూపించారు. కుతకుతలాడుతూ ఆవిరి లేచేసరికి నవ్వులు ఆగాయి. ఆ రోజునుంచి మా మిల్లులో మూత తెరిచి ఉన్న డ్రమ్ము కనబడితే, "ఆద్మీకో ప్యాస్ లగేగీ, ఢక్కన్ లగా" అని ఒకరినొకరు కేకలేసుకుంటారు. కళ్లు కడుక్కునే కుళాయికి టిఫిన్ సంచులు తగిలించే అలవాటు కూడా పోయింది. భద్రత గురించి మా గోడల మీద చాలా బోర్డులున్నాయి. వాటిని చదివేవాళ్లను నేను చూడలేదు. ఆవిడ తప్పు హిందీ మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

జాగ్రత్త నేర్పేవాళ్లంటే నాకు తెలిసినంతలో మనల్ని భయపెట్టేవాళ్లే. ఆవిడ భయపెట్టలేదు. మనం బతికి ఉండడం ఎంత బాగుంటుందో గుర్తుచేసి, అందుకోసం ఒక తడిగుడ్డ దగ్గర పెట్టుకోమనేవారు. అంతే. ఈ మాట ఆవిడ ఉన్నప్పుడు ఆవిడతో అనాలని నాకెప్పుడూ తట్టలేదు. అన్నా, "గిట్ల పొగడకే అమ్మాయ్" అని చెయ్యి ఊపేసేవారు.

తాపీ నది ఒడ్డున ఆవిడ్ని సాగనంపిన రోజు పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. సాంచలు నడిపేవాళ్లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు, చంకన పిల్లల్ని మోసుకొచ్చిన ఆడపిల్లలు. మొదట అందరం తలలు వంచుకుని నిలబడ్డాం. ఒకడు నెమ్మదిగా 'అనార్ద్ర'ను అనారోగ్య అని చదివింది తనేనని చెప్పాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఆపుకోవాలని చూసి, చుట్టూ ఉన్నవాళ్లని చూసి, భయంగా సారు వైపు తిరిగాం. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "నవ్వండమ్మా, నవ్వండి. తరగతి నిశ్శబ్దంగా ఉంటే ఆవిడకు నచ్చదు" అన్నారు. ఇక ఎవరికీ ఆగలేదు. మా అత్తమ్మ గొంతు అందరికంటే పైన వినిపించింది.

నేను ఆవిడ్ని ఆఖరుసారి చూసింది ఈ ఏడాది తొలకరి రోజున. అమ్రోలి వంతెన మీద నేను ఎక్కిన ఆటో ట్రాఫిక్‌లో ఆగింది. ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. జనమంతా తలలు దాచుకునే చోటుకోసం ఉరుకుతున్నారు. పక్కనే సారు స్కూటర్ ఆగి ఉంది. వెనక సీటు మీద టీచరమ్మ. "గొడుగు తెరువు, తడిసిపోతున్నావ్!" అని సారు అరుస్తున్నారు. ఆవిడకు వినబడిందో లేదో. నేను పిలుద్దామని నోరు తెరిచి, మళ్లీ ఆగిపోయాను. ఆవిడ కళ్లద్దాలు తీసి సారు చొక్కా జేబులో వేశారు. మూసిన గొడుగు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా ముఖం పైకెత్తి, నోరు తెరిచి వాన తాగుతున్నారు. కింద తాపీ నిండా చినుకులు. ట్రాఫిక్ కదిలింది. స్కూటర్ వానలోకి దూరి, ఆ నెరిసిన జుట్టు, గాలికి ఎగురుతున్న తడికొంగు కనుమరుగయ్యేదాకా నేను చూస్తూనే ఉన్నాను.